రాజమండ్రిలో పదిన్నర గంటలు: ఏది చూడాలి, ఏది వదిలేయాలి?

నేరేడుచెట్టు:

నమస్కారమండి. ఆగస్టులో హైదరాబాద్ నుంచి బరంపురం వెళ్తున్నాం. ఒకే బండిలో రిజర్వేషన్ దొరకలేదు, రెండు ముక్కలు చేసుకున్నాం. మొదటి బండి పొద్దున్న 5.40కి రాజమండ్రిలో దించుతుంది. రెండోది సాయంత్రం 4.10కి. మొత్తం నలుగురం: నేను, మా అత్తగారు, మామగారు, ఎనిమిదేళ్ల బాబు. పెద్దవాళ్లిద్దరికీ డెబ్భై దాటాయి, అత్తగారికి మోకాళ్ల నొప్పి. సామాను రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక సంచి.

మామగారు రాసిచ్చిన జాబితా ఇది: గోదావరి స్నానం, పాపికొండలు, ద్రాక్షారామం, కాటన్ దొర మ్యూజియం, ఆత్రేయపురం పూతరేకులు, కడియం మొక్కలు, పులస పులుసు. ఇందులో ఎన్ని కుదురుతాయో తెలిసినవాళ్లు చెప్పండి. సామాను ఎక్కడ పెట్టాలి, పెద్దవాళ్లు ఎక్కడ నడుం వాల్చాలి అన్నది కూడా.

గట్టుమీదికాకి:

ముందు కత్తెర వేసేస్తానండి, మామగారు కోప్పడినా సరే.

పాపికొండలు వదిలేయండి. అది పూర్తిగా ఒక రోజు పని. పొద్దున్నే ముప్పై, నలభై కిలోమీటర్లు రోడ్డు మీద ఎగువకి వెళ్లి లాంచీ ఎక్కితే తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. పైగా ఆగస్టు వరదల కాలం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన తరవాత నీటిమట్టం చూసి గాని బోట్లు వదలట్లేదు. ఎవరైనా ఆ నెలలో "నడుస్తాయండి, అడ్వాన్సు కట్టేయండి" అంటే కట్టకండి.

ద్రాక్షారామం కూడా వద్దు. వెళ్లడానికి యాభై కిలోమీటర్లు, రావడానికి యాభై. మధ్యాహ్నం గుడి తలుపులు వేస్తారు. పదకొండున్నరకి చేరితే క్యూలో ఉండగానే మూసేస్తారు, మళ్లీ తెరిచేదాకా కూర్చుంటే బండి పోతుంది.

మిగిలిన ఐదూ కాగితం మీద పక్కపక్కనే కనిపిస్తాయి. అసలు సంగతి ఏమిటంటే, ఊళ్లోంచి దక్షిణంగా ఆరేడు కిలోమీటర్లు వెళ్తే ధవళేశ్వరం. అక్కడ దారి రెండుగా చీలుతుంది. కుడికి తిరిగి బ్యారేజీ ఎక్కితే బొబ్బర్లంక, ఆత్రేయపురం. తిన్నగా వేమగిరి మీదుగా వెళ్తే కడియపులంక నర్సరీలు. గోదావరి అక్కడే పాయలుగా చీలినట్టు మీ రోజు కూడా అక్కడే చీలుతుంది. ఒక పాయ పట్టుకోండి. రెండూ అంటే రెండుచోట్లా కారు దిగి ఎక్కడమే మిగులుతుంది.

ఇక సామాను. రాజమండ్రి స్టేషన్‌లో క్లోక్‌రూమ్ ఉంది. తాళం లేని పెట్టె తీసుకోరు. సూట్‌కేసుకు నంబర్ల తాళం ఉంటుంది గనక ఇబ్బంది లేదు, చిక్కంతా ఆ మూడో సంచితోనే. జిప్ రెండు కొసలూ కలిపి వేసే చిన్న తాళం ఒకటి ఇంటి దగ్గరే సంచిలో పడేసుకోండి. టికెట్ చూపించాలి, రసీదు ఇస్తారు. ఆ రసీదుని చేతికి రాగానే ఫొటో తీసుకోండి. అయినా కాగితం పారేసుకోకండి, పోతే పూచీకత్తు రాసివ్వమంటారు, ఆ తతంగానికి గంట పడుతుంది. ఛార్జీ ఇరవైనాలుగు గంటల లెక్కన, కాబట్టి పది గంటలైనా ఒక రోజు డబ్బే. సంచిలో పులిహోర, పళ్లు లాంటివి ఉంచకండి. ఎలుకలు రసీదు చూడవు. మందులు, బంగారం, ఆధార్ కార్డులు మీ దగ్గరే ఉండాలి.

పెద్దవాళ్లకి రిటైరింగ్ రూమ్ తీసుకోండి. ఐఆర్‌సీటీసీలోనే పీఎన్ఆర్ నంబరుతో బుక్ అవుతుంది. టికెట్ కన్ఫర్మ్ గాని ఆర్ఏసీ గాని అయివుండాలి, వెయిటింగ్ లిస్టుకు ఇవ్వరు. పన్నెండు గంటలకు కూడా ఇస్తారు, మీకు అది చాలు. దిగే బండి పీఎన్ఆర్‌తో చేయండి, ఎక్కే బండిది కన్ఫర్మ్ కాకపోయినా గది ఆగదు. గది దొరికితే క్లోక్‌రూమ్ అక్కర్లేదు, పెట్టెలు గదిలో పెట్టి తాళం వేసుకోవచ్చు. గదులు కొన్నే ఉంటాయి, చివరి వారందాకా ఆగితే దొరకవు.

ఇంకొకటి. రెండు పీఎన్ఆర్‌లనీ కలిపేసుకోండి, కనెక్టింగ్ జర్నీ అని ఉంటుంది. వర్షాల్లో మొదటి బండి ఘోరంగా ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ రెండో టికెట్ డబ్బు తిరిగి అడిగే హక్కు ఉంటుంది. ప్రయాణికుల పేర్లు, వయసులు రెండు టికెట్లలోనూ ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరం ఉంటే కలవదు. చాలామందికి అక్కడే ఆగిపోతుంది.

బొబ్బర్లంకలాకు:

కాకి గారూ, కత్తెర కొంచెం ఎక్కువ పడిందండి. ధవళేశ్వరం దగ్గర చీలిన దారి కింద రావులపాలెంలో మళ్లీ కలుస్తుంది కదా.

ధవళేశ్వరం, బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, ఆత్రేయపురం, అక్కణ్నుంచి రావులపాలెం. అక్కడ గౌతమి మీద వంతెన దాటి జొన్నాడ, కడియపులంక, మళ్లీ రాజమండ్రి. గుండ్రంగా తిరిగొస్తే మొత్తం అరవై, డెబ్భై కిలోమీటర్ల మధ్య. వచ్చిన దారిన వెనక్కి రావడం ఉండదు. ఎనిమిదిన్నరకి కారు కదిలితే మూడు చోట్ల ఆగినా ఒంటిగంటకి ఊళ్లో ఉంటారు.

ఆటోలో మాత్రం వద్దండి. ఊళ్లో ఆటో చాలు. ఈ చుట్టుకి కారు కావాలి. కాలవ గట్టు రోడ్డు మలుపుల్లో మోకాళ్ల మనిషిని ఆటోలో కూర్చోబెట్టడం పాపం. కారు మాట్లాడేటప్పుడు "సగం రోజు" అనకండి. ఏ ఊరు మీదుగా వెళ్లి ఏ ఊరు మీదుగా రావాలో, ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగాలో చెప్పి వెయిటింగ్‌తో కలిపి ఒకే మాట తీసుకోండి. "ఆత్రేయపురం వెళ్లి రావాలి" అని ఊరుకుంటే రావులపాలెం మలుపు దగ్గర బేరం మళ్లీ మొదలవుతుంది.

బ్యారేజీ గురించి. కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఇప్పుడు మీరు కారులో దాటేది దాని చోట 1980ల నాటికి పూర్తయిన కొత్త బ్యారేజీ. నాలుగు భాగాలు: ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి వైపు 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. మొత్తం 175. మొదటి రెండు దాటితే బొబ్బర్లంక, మధ్యలో పిచ్చుకలంక వస్తుంది. ఆ రెండు భాగాల కింద పోయే నీరు గౌతమి. బొబ్బర్లంక అవతల మద్దూరు, విజ్జేశ్వరం గేట్ల కింద పోయేది వశిష్ఠ. తూర్పు డెల్టా కాలవలకి తల ధవళేశ్వరం, మధ్య డెల్టాకి బొబ్బర్లంక, పశ్చిమ డెల్టాకి విజ్జేశ్వరం. బాబుకి ఇది ముందే ఒక కాగితం మీద గీసిచ్చి, దాటుతున్నప్పుడు గేట్లు లెక్కపెట్టమనండి. అరగంట ఫోన్ అడగడు.

బ్యారేజీ మీద బండి ఆపనివ్వరు. ఫొటో కావాలంటే ధవళేశ్వరం కొసలో దిగి నడవాలి. కాటన్ మ్యూజియం కూడా ఆ కొసనే, కాబట్టి ఒకే ఆగడంలో రెండూ అయిపోతాయి. మ్యూజియానికి ముప్పావుగంట చాలు. లోపల ఆనకట్ట నమూనాలు, బయట ఆనాటి యంత్రాలు. పిల్లాడికి బయటే నచ్చుతుంది.

ఇన్నీసుపేట:

స్నానం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆగస్టు గోదావరి అంటే ఎర్రనీళ్లు, బురద, జోరు. కార్తీకంలో కనిపించే గోదావరి కాదు.

బయల్దేరే ముందురోజు భద్రాచలం నీటిమట్టం చూడండి. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. ఆ నీరు ధవళేశ్వరం చేరడానికి ఒక రోజు అటూఇటూ పడుతుంది. అంటే ముందురోజు భద్రాచలం అంకె మీ మర్నాటి గోదావరి. ధవళేశ్వరం దగ్గర లెక్క వేరు: మొదటిది 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ఈ రెండు కొలతల్నీ కలగలిపి "అక్కడ 45, ఇక్కడ 12, తగ్గిపోయింది" అనుకునేవాళ్లున్నారు. కొలబద్దలే వేరు, పోల్చకూడదు.

హెచ్చరిక ఉన్నప్పుడు రేవుల్లోకి దిగనివ్వరు. దిగనిచ్చినా మీరు దిగకండి. వరద వచ్చి తీసిన మెట్ల మీద సన్నటి ఒండ్రు పేరుకుంటుంది, అది సబ్బు కన్నా జారుడు. నీళ్లకింద ఏ మెట్టు దాకా ఉన్నామో ఎర్రనీళ్లలో కనపడదు. పడిపోయేవాళ్లు ఎక్కువమంది లోతుకి వెళ్లి కాదు, పైకి వస్తూ తడికాలితో పొడిమెట్టు ఎక్కేచోట పడతారు. అత్తగారిని మెట్లు దింపకుండా పైనే కుర్చీ వేసి కూర్చోబెట్టండి. చిన్న చెంబు తీసుకెళ్తే నీళ్లు పైకి తెచ్చి తలమీద చల్లొచ్చు, గోదారమ్మ లెక్కలో అదీ స్నానమే. మామగారు దిగితే గొలుసు పట్టుకుని మోకాటి లోతులో మూడు మునకలు, అంతే.

ఏ రేవు అంటే పుష్కర ఘాట్. స్టేషన్‌కి దాదాపు రెండు కిలోమీటర్లు. బట్టలు మార్చుకోడానికి గదులుంటాయి. కోటిలింగాల రేవు ఎగువన ఉంటుంది, బాగుంటుంది, కాని ఈ వ్యవధిలో రెండో రేవు ఎందుకు?

వెలుతురు గురించి ఒక మాట. ఊరు గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది. అంటే రేవులో నిలబడితే మొహం పడమటికి. నీళ్లమీద సూర్యోదయం చూద్దామని పొద్దున్నే పరిగెత్తి వచ్చేవాళ్లకి సూర్యుడు వీపు వెనక ఊళ్లోంచి లేస్తాడు. ఇక్కడ నీళ్లమీద కనిపించేది సూర్యాస్తమయం. అది మీకు దొరకదు, నాలుగింటికే బండి. దానికి బదులు వచ్చేటప్పుడు నిడదవోలులోనే లేచి కూర్చోండి. తరవాత కొవ్వూరు, ఆ వెంటనే వంతెన, ఎదురుగా తెల్లవారుతూ ఉంటుంది. మీ ప్రయాణంలో గోదావరి దాటేది ఆ ఒక్కసారే, బరంపురం బండి వంతెన ఎక్కదు. పడుకుని పోగొట్టుకోకండి.

వంతెనలు రేవు నుంచి కనిపిస్తాయి. 1900లో రైళ్లు మొదలై 1997లో ఆపేసిన హేవలాక్ వంతెన, దాని బదులు కట్టిన విల్లు కమానుల వంతెన, ఎగువన 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన. మూడోదాని మీద పైన బస్సు, కింద రైలు ఒకేసారి పోయేటప్పుడు చూపిస్తే బాబు కదలడు.

అన్నట్టు, దిగేటప్పుడు జాగ్రత్త. గోదావరి స్టేషన్ వేరు, రాజమండ్రి స్టేషన్ వేరు. వంతెన దిగగానే వచ్చేది గోదావరి. బండి అక్కడ సిగ్నల్ కోసం ఆగినా "ఊరు వచ్చేసింది" అని పెట్టెలు దించేయకండి. తిరిగి వెళ్లేటప్పుడు ఆటో ఆయనకి కూడా "మెయిన్ స్టేషన్" అని చెప్పండి.

నేరేడుచెట్టు:

అందరికీ ధన్యవాదాలండి. పాపికొండలు, ద్రాక్షారామం కొట్టేశాం. మామగారు పులస మాత్రం వదలనంటున్నారు. బొబ్బర్లంకలాకు గారు చెప్పిన చుట్టు బాగుంది, అదే అనుకుంటున్నాం. మేం దిగేది శనివారం, ఏమైనా తేడా ఉంటుందా?

బొబ్బర్లంకలాకు:

ఈ ముక్క ముందే చెప్పాల్సిందండి! శనివారం అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆత్రేయపురం మండలంలోనే వాడపల్లి వెంకన్న గుడి ఉంది. ఏడు శనివారాలు మొక్కుకుని వచ్చే జనం. బొబ్బర్లంక నుంచి రావులపాలెం దాకా ఆ కాలవ గట్టు రోడ్డే దిక్కు, శనివారం తెల్లవారుజాము నుంచే కార్లు, బస్సులు బారులు తీరతాయి. శ్రావణ శనివారమైతే చెప్పక్కర్లేదు. ఇరుక్కుంటే పక్కకి తిప్పుకునే దారి ఉండదు, ఒకవైపు కాలవ, ఒకవైపు పల్లపు పొలం.

కాబట్టి బ్యారేజీ, మ్యూజియం చూసుకుని, సరదాకి ఒకసారి పిచ్చుకలంక దాకా వెళ్లి వెనక్కి తిరగండి. తరవాత వేమగిరి మీదుగా కడియపులంక. ఆత్రేయపురం ఇంకోసారికి.

గట్టుమీదికాకి:

కత్తెర నాకు తిరిగిచ్చేసినందుకు సంతోషం.

పూతరేకుల కోసం ఊరే వెళ్లాలని లేదు, రాజమండ్రి కొట్లలోకి రోజూ వస్తాయి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చాక డబ్బాల మీద ఆ ఊరి పేరు వేయని కొట్టు లేదు, కాబట్టి డబ్బా కాదు, సరుకు చూడండి. తయారైన తేదీ అడగండి. ఒకటి విప్పించి తినండి. రేకు నాలుక మీద పెట్టగానే కరిగిపోవాలి, పళ్లకి అంటుకుంటే పాతదో, తేమ పట్టిందో. వేలికి అంటిన నెయ్యి వాసన చూడండి. డాల్డా అయితే అంగిట్లో మైనంలా పేరుకుంటుంది.

పంచదారవి ఎక్కువ రోజులుంటాయి. బెల్లానివి రుచి, కాని బెల్లం గాలిలో తేమని లాక్కుంటుంది, ఆగస్టులో మరీను. బరంపురంలో వారం ఉంచాలంటే పంచదారవి, బండిలోనే అవగొట్టేస్తామంటే బెల్లంవి. వంటింట్లో ఓపిక ఉంటే ఉత్త రేకులు విడిగా కొనుక్కోండి. ఉత్తవి పొడిగా ఉంటాయి గనక చెడవు, చుట్టే ముందు తడిబట్ట కింద ఒక నిమిషం ఉంచితే మెత్తబడతాయి. రెండు నిమిషాలు ఉంచితే ముద్ద. నెయ్యి, పొడి బెల్లం వేసి అప్పటికప్పుడు చుట్టుకుంటే కొన్నదానికన్నా బాగుంటుంది.

తాపేశ్వరం మడతకాజా కోసం కూడా ఎక్కడికీ వెళ్లకండి, ఊళ్లోనే దొరుకుతుంది. మధ్యాహ్నం ఎండలో రోజ్ మిల్క్ మాత్రం తాగండి. మెయిన్ రోడ్డు వైపు ఎవరిని అడిగినా చూపిస్తారు.

చింతచిగురు:

పులస దగ్గరికొద్దాం. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అని ఊరికే అనలేదు గానండి, ఈ రోజుల్లో పుస్తెలమ్మినా అసలుది దొరుకుతుందని నమ్మకం లేదు.

సముద్రంలో ఉన్నప్పుడు అది మామూలు ఇలసే. గుడ్లు పెట్టడానికి వరదనీటికి ఎదురీది వస్తుంది. ఏటికి ఎదురీదే కొద్దీ ఒంట్లో ఉప్పు పోయి, కొవ్వు సర్దుకుని రుచి మారుతుంది, అప్పుడు పులస. బ్యారేజీ అడ్డం గనక ధవళేశ్వరం దిగువన, యానాం దాకా ఉన్న పాయల్లోనే పడుతుంది. రోజుకి పడేది కొన్నే, అవి ఒడ్డునే వేలంలో పోతాయి. హోటల్లో బోర్డు పెట్టి రోజంతా ప్లేటు లెక్కన అమ్మేది చాలావరకు ఒడిశా, బెంగాల్ నుంచి ఐసులో వచ్చిన ఇలస. అదీ మంచి చేపే, కాని పులస ధర పెట్టకూడదు. హోటలాయన్ని "ఇది ఎక్కడిది?" అని కాదు, "పచ్చి చేప చూపిస్తారా?" అని అడగండి. చూపించలేకపోతే అర్థం చేసుకోండి.

ఇంకో చిక్కు. ఈ పులుసు వండిన వెంటనే తినేది కాదు. మట్టికుండలో సన్నసెగ మీద చింతపండు పులుసు, బెండకాయలు, పచ్చిమిర్చి వేసి ఉడికించి, దింపే ముందు కొంచెం ఆవకాయ నూనె వేస్తారు. ముక్క కదపరు, కుండనే పట్టుకుని తిప్పుతారు. ఒక రాత్రి ఊరితేనే ముక్కకి పులుసు పడుతుంది. అంటే శనివారం మధ్యాహ్నం తినాలంటే శుక్రవారం వండి ఉండాలి. తెలిసినవాళ్లెవరైనా ఊళ్లో ఉంటే రెండు రోజుల ముందే చెప్పి పెట్టుకోవాలి. దిగి అడిగితే దొరికేది పులస కాదు, ఆశ.

బాబుకి పెట్టకండి. ముల్లు వెంట్రుకలా సన్నగా, కండలో అడ్డదిడ్డంగా ఉంటుంది. మామగారు తింటే పగటి వెలుతురులో, పళ్లెం పక్కన తెల్లకాగితం పెట్టుకుని, మాటలు ఆపి తినాలి. రైలు ఎక్కే తొందరలో తినే చేప కాదది. నన్నడిగితే ఆ డబ్బుతో శాకాహార భోజనం అరిటాకులో నాలుగు పూటలు తినొచ్చు.

టిఫిన్‌కి పుల్లట్టు అడగండి. అన్నిచోట్లా ఉండదు, ఉన్నచోట వేడిగా వేయించుకోండి. పెసరట్టు ఎక్కడైనా ఉంటుంది.

నేరేడుచెట్టు:

పులస సంగతి మామగారికి చదివి వినిపించాను. "ఇలస అయినా సరే" అంటున్నారు. సరే, అది ఆయన ఇష్టం. కడియంలో మొక్కలు కొంటే బరంపురం దాకా రైల్లో బతుకుతాయా? రెండు మామిడి అంట్లు, నాలుగైదు పూలమొక్కలు అనుకుంటున్నాం.

అంటుకత్తి:

బతుకుతాయండి, కొనేటప్పుడు చూసుకుంటే.

మామిడి అంటు ఎత్తు చూసి కొనకండి. నాలుగడుగుల మొక్క రైల్లో బెర్తు కింద పట్టదు, పక్కకి వంచితే అంటు కట్టినచోటే విరుగుతుంది. రెండడుగుల లోపు, ఒకే కాండం ఉన్నది తీసుకోండి. అంటు అతుకు మీద వేలు పెట్టి చూడండి, కింద కాండం, పైన కాండం ఇంచుమించు ఒకే లావు ఉండాలి. పైన సన్నగా, కింద బొద్దుగా ఉంటే సరిగా అతకలేదని. అతుకుకి పైన ఒక్క విడత అయినా కొత్త ఆకు వేసి ముదిరి ఉండాలి. లేత రాగిరంగు చిగురుతో ఉన్నది చూడ్డానికి బాగుంటుంది, ప్రయాణంలో ఆ చిగురే మొదట వాడిపోతుంది. అతుకు కింద నుంచి కొమ్మ వచ్చి ఉంటే అది నాటుమామిడి కొమ్మ, అక్కడే గిల్లేయమనండి. చుట్టిన ప్లాస్టిక్ పట్టీ కొన్న రోజున విప్పకండి. నాటి మొక్క కుదురుకున్నాక, కాండాన్ని కోసేంత బిగుతు కాకముందు బ్లేడుతో నిలువునా ఒక గాటు పెడితే చాలు.

అడుగున కవరు చిల్లుల్లోంచి వేరు బయటికొచ్చి నేలలో పాతుకున్న మొక్కని పీకి ఇస్తుంటారు. లాగినప్పుడు "టప్" మంటే వేరు తెగిందన్నమాట, అది వద్దు. తేలిగ్గా ఎత్తితే వచ్చేది కావాలి.

నీళ్ల దగ్గర అందరూ పొరపాటు పడతారు. దారిలో ఎండిపోతుందని కొన్నచోటే నిండా పోయిస్తారు. తడిమట్టి బరువు, పైగా కుదుపుకి మట్టిగడ్డ పగిలి వేర్లు తెగుతాయి. మట్టి చెమ్మగా ఉంటే చాలు, ఒక రాత్రి ప్రయాణానికి నీళ్లు అక్కర్లేదు. కవరు మీద ఇంకో కవరు వేసి కాండం దగ్గర వదులుగా కట్టండి, మట్టి బెర్తు మీద రాలదు. ఒక అట్టపెట్టెలో నిలువుగా, మొక్కకీ మొక్కకీ మధ్య పాత కాగితాలు దోపి పెట్టండి. ఆకుల మీద ప్లాస్టిక్ కప్పకండి, ఉడికిపోతాయి. ఏసీ పెట్టెలో అయితే గాలి తిన్నగా తగిలే చోట పెట్టకండి.

దిగాక వెంటనే కుండీ మార్చకండి. వారం రోజులు నీడలో అదే కవరులో ఉంచి, ఆకు తేరుకున్నాక మార్చండి.

పూలమొక్కలు రోడ్డు మీది కొట్టులో కాకుండా లోపలికి నాలుగడుగులు వేసి కొనండి. రోడ్డు పక్కవి దుమ్ము, పొగ తిని ఉంటాయి, ధరా ఎక్కువే. పూసినవి కాదు, మొగ్గల మీద ఉన్నవి తీసుకోండి. నర్సరీలో గంటంపావు అనుకుంటే రెండు గంటలవుతుంది, ముందే పిల్లాడి చేతికి వాచీ పెట్టండి. ఇంకో మాట, పెద్ద నర్సరీల్లో చాలావి టోకు బేరాలు చేసేవే, రెండు మొక్కలంటే పట్టించుకోరు. చిల్లర అమ్మేచోటు అడిగి వెళ్లండి.

గట్టుమీదికాకి:

అయితే మీ శనివారం ఇలా. 5.40 దిగడం. ఆరున్నర దాకా గది, స్నానాలు, కాఫీ. ఏడింటికి పుష్కర ఘాట్, గంట. ఎనిమిదింటికి టిఫిన్. తొమ్మిదింటికి కారు, ధవళేశ్వరం. పదిన్నర దాటకుండా అక్కణ్నుంచి కదలండి. పదకొండు నుంచి ఒంటిగంట కడియపులంక. రెండింటికి భోజనం అయిపోవాలి. రెండు నుంచి మూడున్నర దాకా పెద్దవాళ్లు గదిలో పడుకుంటారు, మీరు పూతరేకులు కొనుక్కురండి. దామెర్ల రామారావు చిత్రశాల చూడాలనిపిస్తే ఈ గంటన్నరలోనే, ఇరవయ్యేడేళ్లకే పోయిన మనిషి వేసిన బొమ్మలు మరి. కాని అది మీ ఒక్కరికే, మిగతావాళ్లని నిద్ర లేపకండి.

బండి ఎక్కడుందో రైల్వేవాళ్ల ఎన్‌టీఈఎస్ యాప్‌లో చూస్తూ ఉండండి. గంట ఆలస్యం అని చూపించినా ఊళ్లో ఇంకో గంట తిరగకండి. దూరపు బళ్లు దారిలో సమయం కూడదీసుకుంటాయి, రెండింటికి గంట ఆలస్యం ఉన్నది మూడున్నరకి ఇరవై నిమిషాలే అవుతుంది. వానపడితే దారిలో కార్లు ఆగిపోవచ్చు, కడియపులంక నుంచి వచ్చేటప్పుడు దానికి ఒక అరగంట విడిగా పెట్టుకోండి.

ఇన్నీసుపేట:

ఆ శుక్రవారం సాయంత్రం భద్రాచలం అంకె 48 దాటి ఉంటే స్నానం మానేసి, రేవు గంటని కూడా ధవళేశ్వరానికే ఇచ్చేయండి. 175 గేట్లూ ఎత్తేసి ఉంటాయి, ఒడ్డునుంచే చూడొచ్చు, అత్తగారు ఒక్క మెట్టు కూడా దిగక్కర్లేదు. బాబు చెయ్యి మాత్రం వదలకండి. అలాంటి రోజున పిచ్చుకలంక వైపు కూడా కారు పోనివ్వకండి.

నేరేడుచెట్టు:

సరేనండి. చిన్న తాళం, చెంబు, అట్టపెట్టె ఇప్పుడే సంచిలో వేశాను. రిటైరింగ్ రూమ్ ఒకటి దొరికింది, రెండు మంచాలది. నిడదవోలుకి అలారం పెట్టాను.